జూలో జంతువుల ఫోటోలకు ఏ జూమ్ లెన్సు తీసుకోవాలి? (కెనాన్ 1500డి ఉంది)

కావలి_టీచర్:

అందరికీ నమస్కారం. కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతుంటాను. ఏటా సంక్రాంతి సెలవులకు ముందు తొమ్మిదో తరగతి పిల్లలను రైల్లో తిరుపతికి తీసుకువెళ్లి, శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల చూపించడం మా బడిలో ఆనవాయితీగా వస్తోంది. ఫోటోగ్రఫీ నాకు వృత్తి కాదు, వ్యసనం అంతకన్నా కాదు. పాఠ్యపుస్తకంలో వేలెడంత బొమ్మగా ఉన్న జంతువును తరగతి గోడమీద నిలువెత్తున చూపించి, పులి చెవుల వెనుక తెల్లమచ్చ ఎక్కడుందో, కొండముచ్చు తోక ఒంటితో పోలిస్తే ఎంత పొడవుందో పిల్లలచేతనే చెప్పించాలన్నది నా కోరిక.

నా దగ్గర కెనాన్ 1500డి కెమెరా, దానితోపాటు వచ్చిన 18-55 లెన్సు ఉన్నాయి (ఈ అంకెలు మిల్లీమీటర్లు, అంకె పెరిగేకొద్దీ దూరపుది దగ్గరగా కనిపిస్తుంది). పోయినసారి తీసిన ఫోటోలు చూసుకుంటే పులి ఒక మూలన పిల్లి అంత ఉంది, దాని ముందున్న ఇనుప తీగలు మాత్రం లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చాయి. అందుకని ఈసారి దూరపు లెన్సు ఒకటి కొనదలచాను. ముప్పై వేలు పక్కన పెట్టాను. ఒకరు 55-250 చాలంటున్నారు, ఇంకొకరు 70-300 కంటే తక్కువ కొనవద్దంటున్నారు. నెల్లూరులో నాకు తెలిసిన స్టూడియో ఆయన తన దగ్గరున్న పాత సిగ్మా 150-600 లెన్సును యాభై వేలకు ఇస్తానని, కొంచెం కొంచెంగా కట్టుకోవచ్చని అంటున్నారు. చలికాలంలో పిల్లలను నేలపట్టు పక్షుల అభయారణ్యానికి కూడా తీసుకువెళ్లే ఆలోచన ఉంది కనుక, కొనేదేదో పెద్దదే కొంటే రెండిటికీ పనికొస్తుంది కదా అని మనసు అటు లాగుతోంది. నలభైమంది పిల్లలను కనిపెట్టుకుంటూ తీయవలసిన ఫోటోలని మాత్రం దృష్టిలో పెట్టుకుని సలహా చెప్పగలరు.

ఒంగోలు_గిత్త:

టీచరుగారికి నమస్కారం. 250 చాలుతుందా చాలదా అన్నది అభిప్రాయాలతో తేలే విషయం కాదు, చిన్న లెక్కతో తేలిపోతుంది. మీ కెమెరా సెన్సరు (లోపల బొమ్మను పట్టే పలక) వెడల్పు 22.3 మిల్లీమీటర్లు. జంతువు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో ఆ సంఖ్యను 22.3తో గుణించి, లెన్సు మీద రాసి ఉన్న మిల్లీమీటర్లతో భాగిస్తే, ఆ దూరంలో మీ ఫోటోలో ఎన్ని మీటర్ల వెడల్పు పడుతుందో వస్తుంది.

పులి పదిహేను మీటర్ల దూరంలో అడ్డంగా నిలబడి ఉందనుకోండి. తోక వదిలేస్తే దాని పొడవు సుమారు రెండు మీటర్లు. మీ పాత లెన్సును 55 దగ్గర పెడితే ఫోటోలో ఆరు మీటర్ల వెడల్పు పడుతుంది, అందులో పులి మూడోవంతు. ముప్పై మీటర్ల దూరానికి పోతే పన్నెండు మీటర్లు పడుతుంది, పులి ఆరోవంతుకు వచ్చేస్తుంది. మీకు పిల్లిలా కనిపించింది అందుకే. అదే 250 దగ్గర పదిహేను మీటర్లకు 1.34 మీటర్లే పడుతుంది, అంటే పులి పూర్తిగా పట్టనే పట్టదు. మీరు జూమ్‌ను వెనక్కి తిప్పుకోవాలి. ముప్పై మీటర్లకు 2.68 మీటర్లు పడుతుంది, ముక్కు నుంచి తోక మొదలు దాకా హాయిగా ఇమిడిపోతుంది. 600 లెన్సుతో అదే ముప్పై మీటర్లకు 1.1 మీటర్లు వస్తుంది. అది తలా మెడా తీయడానికి బాగుంటుంది కాని, మీరు అడిగే తోక పొడవు పాఠానికి అందులో తోకే ఉండదు.

ఇంకో చిక్కు ఉంది. 150-600 లెన్సు 150 దగ్గర మొదలవుతుంది. ఎనిమిది మీటర్ల దూరంలోకి ఏనుగో నీటిగుర్రమో వచ్చి నిలబడితే 150 దగ్గర 1.2 మీటర్లకు మించి పట్టదు. లెన్సు మార్చుకునేలోపు అది వెనక్కి తిరుగుతుంది, మీ పిల్లల్లో ఇద్దరు ఐస్‌క్రీం బండి దగ్గరికి వెళ్లి ఉంటారు. 55-250 అయితే 55 నుంచే మొదలవుతుంది కనుక రోజంతా లెన్సు మార్చకుండా గడిచిపోతుంది. జూలో అసలు కష్టం దూరం కాదు. కందకం అవతలి జంతువులను మినహాయిస్తే మిగిలినవి చాలావరకు మన వీధి అవతలి ఇంటి అరుగంత దూరంలోనే ఉంటాయి.

నేను మా వైపు బండలాగుడు పోటీలకు ఇదే 55-250 లెన్సు తీసుకుపోతుంటాను. గిత్తల జత గీత దాటి మన మీదికే వస్తున్నప్పుడు 250 నుంచి 80కి రెండు క్షణాల్లో రావాలి. పెద్ద లెన్సులు తెచ్చినవాళ్లు ఆ క్షణంలో గిత్త కన్నొకటి, కొమ్ము ముక్కొకటి తీసుకుని పోతుండగా చూశాను.

కొనేటప్పుడు మాత్రం పేరు చివర ఎస్‌టీఎం (అందులోని ఫోకస్ మోటారు రకం పేరు) అని ఉన్నదే అడగండి. అవే అంకెలతో అంతకుముందు వచ్చిన ఐఎస్, ఐఎస్-2 రకాలు పాత సరుకులో ఇంకా తిరుగుతున్నాయి. ఎస్‌టీఎం రకం 2013లో వచ్చింది. బరువు 375 గ్రాములు, 85 సెంటీమీటర్ల దగ్గరి నుంచి ఫోకస్ అవుతుంది, ఫోకస్ మారేటప్పుడు ముందు గాజు తిరగదు. 75-300 అని ఇంకొకటి చవకగా చూపిస్తారు. దానిలో చేతి వణుకును ఆపే ఏర్పాటు లేదు, అంకె పెద్దదని దాని జోలికి పోవద్దు.

పెన్న_ఒడ్డు:

లెక్క బాగా చెప్పారు. అయితే టీచరుగారి ఫిర్యాదు రెండు ముక్కలు. పులి చిన్నగా ఉండటం ఒకటి, తీగలు కనిపించడం రెండవది. రెండోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నెల్లూరులో ఇరవై ఏళ్లు పెళ్లిళ్ల ఫోటోలు తీసి ఇప్పుడు విశ్రాంతిగా ఉన్నవాణ్ణి. మనవళ్లతో జూలకు తిరిగిన అనుభవం మీద రాస్తున్నాను.

తీగ ఫోటోలో కనిపించాలా మాయం కావాలా అన్నది లెన్సు లోపలి కన్ను ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందన్న దానిమీద ఆధారపడుతుంది. మిల్లీమీటర్లను ఎపర్చర్ అంకెతో (ఎఫ్ పక్కన ఉండేది, అది పెరిగేకొద్దీ కన్ను మూసుకుంటుంది) భాగిస్తే ఆ వెడల్పు వస్తుంది. మీ పాత లెన్సు 55 దగ్గర ఎఫ్ 5.6లో సుమారు 10 మిల్లీమీటర్లు. లెన్సుకు దగ్గరగా ఉన్న మూడు మిల్లీమీటర్ల తీగ ఆ కన్నుకు అడ్డం వస్తే మూడోవంతు కంటే ఎక్కువే మూసేస్తుంది. అదే 250 దగ్గర ఎఫ్ 5.6లో కన్ను 45 మిల్లీమీటర్లు అవుతుంది, అదే తీగ అందులో పదోవంతు కూడా మూయలేదు. మిగిలిన తొమ్మిది వంతుల వెలుతురు పులి మీదినుంచి వచ్చి తీగను కప్పేస్తుంది. ఈ కారణం చేతనే ఎపర్చర్‌ను ఎఫ్ 8కో 11కో మూయకండి. స్పష్టత పెరుగుతుందని ఎవరైనా చెప్పినా జూలో వినకండి.

ఇది పనిచేయాలంటే మూడు కుదరాలి. లెన్సు తీగకు వీలైనంత దగ్గరగా ఉండాలి, జంతువు తీగకు వీలైనంత దూరంగా ఉండాలి, తీగమీద ఎండ పడకూడదు. మొదటిది మన చేతిలో లేదు, ఎందుకంటే చాలాచోట్ల సందర్శకులకూ తీగకూ నడుమ ఇంకొక కటకటా ఉంటుంది. దాని మీదుగా చేయి చాపి లెన్సును లోపలికి తోయడం ఎన్నడూ చేయకండి, ముఖ్యంగా చూసి నేర్చుకునే పిల్లలు పక్కన ఉన్నప్పుడు. రెండోదానికి ఓపిక పట్టాలి. పులి బోను గోడ వెంబడి అటూ ఇటూ తిరిగే అలవాటు ఉన్నదైతే, అది వెనక గోడ దగ్గరికి చేరినప్పుడు తీయండి. మూడోదే మనవల్ల అయ్యేది: ఎండలో తళతళలాడే తీగ ఏ లెన్సుతోనైనా తెల్లటి పొగలా ఫోటో అంతా కమ్ముకుంటుంది, కనుక చుట్టూ తిరిగి తీగ నీడలో ఉన్న వైపు వెతుక్కోండి. ఉదయం బాగా కనిపించిన వైపు సాయంత్రానికి చెడిపోతుంది.

అద్దం వెనుక ఉన్న పాములకు, కోతులకు వేరే తంత్రం కావాలి. లెన్సు ముందు మెత్తటి రబ్బరు హుడ్ తగిలించి అద్దానికి ఆనించి, అద్దానికి నిటారుగా చూస్తూ తీయాలి. ఏటవాలుగా తీస్తే దళసరి అద్దం బొమ్మను మసక చేస్తుంది. నల్ల చొక్కా వేసుకుపోతే మీ ప్రతిబింబం కూడా తగ్గుతుంది. ఫ్లాష్ వేయవద్దు, అద్దంమీద తెల్లమచ్చ పడటం అటుంచి, ఆ మూగజీవాలకు బాధ.

ఇక లెన్సు విషయంలో ఒంగోలు సోదరునితో చిన్న పేచీ. డబ్బు చాలితే కెనాన్ ఈఎఫ్ 70-300 ఐఎస్-2 యూఎస్‌ఎం వాడినదైనా వెతకమంటాను. 300 దగ్గర కన్ను 54 మిల్లీమీటర్లు, ఫోకస్ చాలా చురుకు. పరుగెత్తే జింక మీద ఆ తేడా తెలుస్తుంది. బరువు 710 గ్రాములు, అంటే 55-250కి దాదాపు రెట్టింపు.

ఒంగోలు_గిత్త:

పెద్దాయన చెప్పిన తీగ సంగతి నాకు ఇన్నాళ్లూ అనుభవంలో తెలుసుకాని కారణం తెలియదు. 70-300 మంచి లెన్సే, కాదనను. కాని ముప్పై మీటర్ల దూరంలో 250కి 2.68 మీటర్లు పడితే 300కి 2.23 పడుతుంది. ఆ తేడాను తరువాత కంప్యూటర్లో అంచులు కత్తిరించుకుని తెచ్చుకోవచ్చు, మీ కెమెరాలో 24 మెగాపిక్సెళ్లు ఉన్నాయి. పైగా 55కీ 70కీ మధ్య ఉన్న చోటే బడిపిల్లలతో కలిపి ఏనుగును తీసే చోటు.

ఒకటి మరిచాను. చేతి వణుకును ఆపే ఏర్పాటు మన చేతినే ఆపుతుంది, జంతువును ఆపదు. నడిచే జంతువుకు షట్టర్ వేగం సెకనులో 500వ వంతు కంటే తగ్గనివ్వకండి. చెట్ల నీడలో అంత వెలుతురు ఉండదు, అప్పుడు ఐఎస్‌ఓను (కెమెరా వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600కు, తప్పకపోతే 3200కు పెంచండి. గింజ గింజగా వచ్చిన పులి ఫోటోతో పాఠం చెప్పవచ్చు. కదిలిపోయిన పులితో చారలు లెక్కపెట్టించలేరు.

పులికాట్_గాలి:

నేలపట్టు మాట వచ్చింది కనుక కలుగజేసుకుంటున్నాను. ఏళ్ల తరబడి చలికాలం ఆదివారాలు అక్కడే గడిపినవాణ్ణి, 150-600 మోసేవాణ్ణి కూడా. అయినా మీకు దాన్ని కొనమని చెప్పలేను.

పై లెక్కనే పక్షికి వేసి చూడండి. చెరువులో చెట్టుమీద గూడబాతు అరవై మీటర్ల దూరంలో ఉందనుకుంటే 250కి ఫోటోలో 5.35 మీటర్లు పడుతుంది, గూడబాతు పొడవు సుమారు 1.4 మీటర్లు, అంటే నాలుగోవంతు. 600కి 2.23 మీటర్లే పడుతుంది, పక్షి సగానికి మించి వస్తుంది. కనుక పక్షికి 600 కావాలన్నమాట నిజమే. కాని పిల్లలకు చూపించవలసింది ఒంటరి పక్షి కన్నా ఒకే చెట్టుమీద కొమ్మకొక గూడు కట్టుకుని పదుల జంటలు కాపురం చేయడం. అది 250తో బ్రహ్మాండంగా వస్తుంది. ఒక్క పక్షిని దగ్గరగా చూడటానికి ఫోటో ఎందుకు, బడికి ఒక బైనాక్యులర్ కొనండి. ఒకరి తరువాత ఒకరుగా నలభైమందీ తమ కళ్లతో చూస్తారు.

సిగ్మా 150-600 రెండు రకాలలో తేలికైనదే 1.93 కిలోలు. ముందు ఫిల్టరు కొలత 95 మిల్లీమీటర్లు, అది కూడా విడిగా ఖరీదే. కావలిలో రైలెక్కి తిరుపతిలో దిగి, ఐదున్నర వేల ఎకరాలకు పైబడిన జూలో పిల్లల వెంట నడుస్తూ దాన్ని చేతబట్టి తీయడం కుదరని పని. 2.8 మీటర్లకంటే దగ్గర ఉన్నవాటి మీద అది ఫోకస్ కాదు. విచిత్రమేమంటే జూలో ఇదొక్కటే దాని సుగుణం: ముందున్న తీగమీద ఫోకస్ పడదామన్నా పడదు!

ఇంకొక మాట. పదకొండు దాటాక తీసిన దూరపు ఫోటోలు ఏ లెన్సుతోనైనా కరిగిపోయినట్టు వస్తాయి. రోడ్డుమీద మనం చూసే ఎండమావులకు కారణమైన వేడిగాలే లెన్సుకూ జంతువుకూ మధ్య కదులుతుంటుంది. లెన్సు చెడిందని దుకాణంవాడితో గొడవపడినవాళ్లు నాకు తెలుసు. శేషాచలం కొండల పాదంలో బండరాళ్లు వేడెక్కకముందే, గేటు తెరవగానే లోపల ఉండండి. దూరపు కందకాల జంతువులను పొద్దున్నే తీసుకుని, నీడలో ఉన్న బోనులను మధ్యాహ్నానికి ఉంచుకోండి.

కొత్తపట్నం_కెరటం:

ఆ స్టూడియో లెన్సు కొన్నా, మరే పాత లెన్సు కొన్నా ముందు ఒక పని చేయండి. రెండు మూతలూ తీసి, చీకటి గదిలో వెనకనుంచి టార్చి వేసి లోపలికి చూడండి. సాలెగూడు దారాల్లాగానో, మంచు పువ్వులాగానో ఏదైనా కనిపిస్తే అది బూజు. మన సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇది మామూలు జబ్బు. నేను ఒంగోలులో ఒక పాత లెన్సు పైపైన చూసి కొని, వానాకాలం తోలు సంచిలో ఉంచి, దీపావళికి తీసేసరికి లోపలి గాజుమీద తామర అల్లుకున్నట్టు కనిపించింది. బాగుచేయడానికి అడిగిన డబ్బు లెన్సు ఖరీదులో సగం. కొత్తది కొన్నా గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికాజెల్ పొట్లాలు వేసి, పది రూపాయలు ఎక్కువైనా తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి పెట్టుకుని, ముల్లు 40, 50 శాతం మధ్య ఉండేట్టు చూసుకోండి. తోలు సంచిలో దాచవద్దు.

కావలి_టీచర్:

ఇంత వివరంగా చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక కొనడానికి తొందరపడకుండా, మా సాటి ఉపాధ్యాయుని దగ్గర 55-250 ఎస్‌టీఎం ఉందని తెలిసి రెండు రోజులకు అడిగి తెచ్చుకున్నాను. మా బడి మైదానంలో క్రికెట్ పిచ్ ఉంది. దాని పొడవు 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. పిల్లలు ఆ దూరానికి 250 దగ్గర 1.79 మీటర్లు పడాలని బోర్డుమీద లెక్క కట్టారు. అవతలి వికెట్ల దగ్గర నేలమీద టేపు పరిచి తీసి చూస్తే అటూ ఇటూగా అంతే వచ్చింది. ఇంతలో ఒక గేదె దారి తప్పి పిచ్ మీదికి వచ్చింది. దాని తల పడితే తోక పడలేదు, తోక పడితే తల పడలేదు. 600 మీద నాకున్న మోజు ఆ గేదెతో తీరిపోయింది.

తరువాత బడి వెనుక ఇంటివారి కోళ్లగూడు ముందు నిలబడి తీగ సంగతి చూశాను. కోడి రెండు మీటర్లు లోపలికి పోయినప్పుడు తీగ మాయమైంది, తీగ దగ్గరికి వచ్చి గింజలు ఏరుకుంటున్నప్పుడు మళ్లీ గళ్లు గళ్లుగా కనిపించింది. ఎండపడే వైపు నుంచి తీసినవన్నీ తెల్లబారాయి. పెన్న ఒడ్డు పెద్దాయన చెప్పినట్టే జరిగింది.

కనుక 55-250 కొత్తదే తీసుకుంటున్నాను, మిగిలిన డబ్బుతో బడికి బైనాక్యులర్. ఒక్క సందేహం మిగిలింది. కెమెరా మాటిమాటికీ కోడిని వదిలి తీగను పట్టుకుంటోంది. చేత్తో ఫోకస్ చేద్దామని లెన్సు మీది మీటను ఎంఎఫ్ వైపుకు జరిపితే, కొంతసేపటికి రింగు ఎంత తిప్పినా చలనం లేదు. లెన్సు పాడుచేశానేమోనని భయపడి మా సహోద్యోగికి ఇంకా చెప్పలేదు.

ఒంగోలు_గిత్త:

భయపడకండి, లెన్సు బాగానే ఉంది. ఎస్‌టీఎం లెన్సులో రింగుకూ గాజుకూ నేరుగా లంకె లేదు. మీరు రింగు తిప్పితే ఆ కబురు మోటారుకు పోయి, మోటారు గాజును జరుపుతుంది. కెమెరా నిద్రపోతే మోటారుకూ కరెంటు లేదు. షట్టర్ బొత్తాన్ని సగం నొక్కితే మేలుకుంటుంది, అప్పుడు రింగు తిప్పండి. మెనూలో దానంతట అదే ఆగిపోయే సమయాన్ని కొంచెం పెంచుకోండి.

తీగను పట్టుకోకుండా ఉండాలంటే తొమ్మిది ఫోకస్ బిందువుల్లో నడిమిది ఒక్కటే ఎంచుకుని, దాన్ని తీగ సందులోంచి జంతువు ఒంటిమీద చారో మచ్చో ఉన్నచోట పెట్టండి. చదునుగా ఒకే రంగున్న చర్మంమీద అది తడబడుతుంది. అయినా మొండికేస్తే, జంతువు ఉన్నంత దూరంలోనే తీగ అడ్డులేని ఒక చెట్టు మొదలు చూసుకుని దానిమీద ఫోకస్ పట్టి, మీటను ఎంఎఫ్‌కు జరిపి, వెనక్కి తిరిగి జంతువును తీయండి. ఈ రెండోది వెళ్లేలోపు కోళ్లగూడు దగ్గర నాలుగుసార్లు చేసి చూసుకోండి, చేయి అలవాటు పడుతుంది.